బదిలీకి వెళ్ళలేనన్నందుకు ఉద్యోగం పోతే నిరుద్యోగ భృతి పొందడం ఎలా?

భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో గానీ, కాకినాడ నూనె శుద్ధి కర్మాగారాల్లో గానీ, కోనసీమ కొబ్బరి పీచు యూనిట్లలో గానీ పనిచేసేవారికి ఎప్పుడో ఒకరోజు నాలుగు వాక్యాల కాగితం చేతికి వస్తుంది. "పరిపాలనా అవసరాల దృష్ట్యా మిమ్మల్ని నెల్లూరు జిల్లాలోని మా యూనిట్‌కు బదిలీ చేయడమైనది. వారం రోజుల్లోగా అక్కడ చేరవలెను" అని అందులో ఉంటుంది. ఇంటిదగ్గర ముసలివాళ్ళు, చదువుకునే పిల్లలు, ఎకరమో అరెకరమో కౌలు చేను ఉన్నవాళ్ళు వెళ్ళలేమంటారు. ఆ మాట అన్న తరువాత ఉద్యోగం పోతే భృతి వస్తుందా రాదా అన్న ప్రశ్నకు జవాబు, వెళ్ళలేనని అనడంలో కంటే, ఆ మాట తరువాత కాగితాల మీద ఏం రాశారన్నదానిలోనే ఎక్కువగా ఉంటుంది.

నేను ఒక కర్మాగారపు సిబ్బంది విభాగంలో చాలా ఏళ్ళు గుమాస్తాగా పనిచేశాను. బదిలీ ఉత్తర్వులు, రిలీవింగ్ లెటర్లు, ఫైనల్ సెటిల్‌మెంట్ వోచర్లు ఈ చేతులతోనే టైపు చేశాను. కాబట్టి ఏ మాట ఎక్కడ పడితే కార్మికుడి భృతికి గండి పడుతుందో దగ్గరగా చూసినవాణ్ణి.

భృతి అంటే ఇక్కడ ఏది?

అమెరికాలో ఉన్న మన పిల్లలు చెప్పే నిరుద్యోగ బీమాను అక్కడి రాష్ట్ర ప్రభుత్వాలు నడుపుతాయి. అలాంటి సార్వత్రిక ఏర్పాటు మన దేశంలో లేదు. మన రాష్ట్రంలో 2018 అక్టోబరు 2న ప్రారంభమైన ముఖ్యమంత్రి యువనేస్తం 22 నుండి 35 ఏళ్ళ వయసున్న చదువుకున్న యువతకు నెలకు 1,000 రూపాయలు ఇవ్వడానికి ఉద్దేశించినది. చేస్తున్న ఉద్యోగం పోయినవారి కోసం పెట్టినది కాదు. ఉద్యోగం పోయిన ప్రైవేటు కార్మికుడికి నగదు ఇచ్చేవి ఉద్యోగుల రాజ్య బీమా సంస్థ, అంటే ఈఎస్ఐ సంస్థ నడిపే రెండు పథకాలు: అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన, రాజీవ్ గాంధీ శ్రామిక్ కళ్యాణ్ యోజన. మొదటిదాన్ని ఇకపై అటల్ యోజన అని, రెండోదాన్ని రాజీవ్ యోజన అని క్లుప్తంగా పిలుచుకుందాం.

రెండింటికీ ఈఎస్ఐ సభ్యత్వమే గేటు. నెల జీతం 21,000 రూపాయలకు మించనివారికి ఈ సభ్యత్వం ఉంటుంది. దివ్యాంగులకు ఆ పరిమితి 25,000. పే స్లిప్పులో మీ వాటా 0.75 శాతం కోసి ఉండాలి, యజమాని వాటా 3.25 శాతం. 15,000 రూపాయల జీతానికి నూటపన్నెండు రూపాయల యాభై పైసలు. దాన్ని పై రూపాయికి సరిచేసి 113 కోస్తారు. ఆ చిన్న అంకె మీ స్లిప్పులో లేకపోతే మిగతాదంతా చదివే ముందు కారణం కనుక్కోవాలి. కోత పడుతూనే ఉండి ఈఎస్ఐ ఖాతాలో జమ కాకపోవడం అంతకంటే ప్రమాదకరం. అందుకని ఈఎస్ఐసీ వెబ్‌సైటులో మీ బీమా నంబరుతో లాగిన్ అయి, నెలనెలా ఎన్ని పనిదినాలు, ఎంత జీతం చూపించారో ఇప్పుడే చూసి ఫోటో తీసి పెట్టుకోండి.

డెల్టాలో మరో చిక్కు ఉంది. ఏడాదికి ఏడు నెలలకు మించకుండా నడిచే చక్కెర, బెల్లం తయారీ వంటి సీజనల్ ఫ్యాక్టరీలను ఈఎస్ఐ చట్టం తన పరిధిలోంచి తప్పించింది. క్రషింగ్ సీజనుకు మాత్రమే పిలిచే చోట పనిచేసేవారికి చందా ఉండదు కాబట్టి ఈ భృతి కూడా ఉండదు. వారికి మిగిలేది ఈ వ్యాసం చివర చెప్పిన గ్రాట్యుటీ, పీఎఫ్, కార్మిక శాఖ మార్గాలే.

మొదటి అడుగు: నోరు తెరవకముందు నియామక పత్రం తెరవండి

బదిలీ కాగితం అందగానే మేనేజరు గదికి పరుగెత్తి "నేను వెళ్ళనండి" అనడం సహజం. ఆ మాట తరువాత అనవచ్చు. ముందు ఇంటికి వచ్చి, చేరినప్పుడు ఇచ్చిన నియామక పత్రం బయటికి తీసి, అందులో "సంస్థకు చెందిన ఏ యూనిట్‌కైనా, భారతదేశంలో ఎక్కడికైనా బదిలీ చేసే హక్కు యాజమాన్యానికి ఉంది" అన్న తరహా షరతు ఉందో లేదో చూడండి. కార్మికుల సంఖ్య ఎక్కువగా ఉన్న చోట స్టాండింగ్ ఆర్డర్లు, అంటే సంస్థ రాతపూర్వక సర్వీసు నిబంధనలు కూడా ఉంటాయి. వాటిని నోటీసు బోర్డు దగ్గర పెట్టాలి, వాటిలో బదిలీ గురించి ఏముందో చదవాలి.

షరతు లేకపోతే మీ వాదనకు బలమైన పునాది ఉన్నట్టే. ఉత్తరప్రదేశ్‌లోని అమ్రోహాలో ఉన్న కుందన్ షుగర్ మిల్స్ యాజమాన్యం బులంద్‌షహర్‌లో మరో మిల్లు పెట్టి, కొందరు కార్మికులను అక్కడికి బదిలీ చేసింది, వెళ్ళం అన్నవారిని తొలగించింది. నియామక సమయంలో బదిలీ షరతు గానీ, అలాంటి షరతు ఉందని భావించడానికి ఆధారం గానీ లేనప్పుడు, కార్మికుణ్ణి వేరే ఊళ్ళోని కొత్త సంస్థకు పంపే హక్కు యజమానికి సహజంగా దఖలుపడదని 1960లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అరవయ్యేళ్ళు దాటినా కార్మిక కార్యాలయాల్లో ఈ తీర్పు పేరు ఇప్పటికీ వినబడుతుంది. మీ జవాబులో దీన్ని ప్రస్తావించడానికి సంకోచించనవసరం లేదు.

షరతు ఉంటే దారి ఇరుకవుతుంది. అప్పుడు వెళ్ళకపోవడాన్ని ఆజ్ఞా ఉల్లంఘనగా, అంటే దుష్ప్రవర్తనగా చూపించే అవకాశం యాజమాన్యానికి ఉంటుంది. అయినా తలుపు పూర్తిగా మూసుకుపోదు. యాజమాన్య విధానమన్న ముసుగులో దురుద్దేశంతో కార్మికుణ్ణి ఒకచోటి నుండి మరోచోటికి బదిలీ చేయడాన్ని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ఐదవ షెడ్యూలు అనుచిత కార్మిక చర్యగా పేర్కొంది. దాని స్థానంలో వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా ఆ మాటను ఉంచింది. యూనియన్‌లో చేరిన నెలకో, ఓవర్‌టైం డబ్బు అడిగిన వారానికో బదిలీ వచ్చి ఉంటే ఆ తేదీలను వరుసగా రాసి పెట్టుకోండి. దురుద్దేశాన్ని నేరుగా రుజువు చేయడం కష్టం. తేదీల వరుస ఒక్కటే చాలాసార్లు ఆ పని చేస్తుంది.

ఇంకో చిన్న కొలత కూడా జేబులో ఉంచుకోండి. పాత చట్టంలోని 25ఈ సెక్షను ప్రకారం, లేఆఫ్‌లో ఉన్న, అంటే పని లేక యజమాని తాత్కాలికంగా పక్కనపెట్టిన కార్మికుడు అదే ఊళ్ళో గానీ, ఐదు మైళ్ళ పరిధిలో గానీ అదే యజమాని ఇచ్చిన ప్రత్యామ్నాయ పనిని, పాత జీతమే ఇస్తామన్నా కాదంటే పరిహారం కోల్పోతాడు. ఐదు మైళ్ళంటే ఎనిమిది కిలోమీటర్లు. పాలకొల్లు నుండి నరసాపురం వెళ్ళడమే ఆ దూరం దాటుతుంది. ఇది లేఆఫ్ పరిహారానికి మాత్రమే సంబంధించిన నియమం, బదిలీకి నేరుగా వర్తించదు. అయినా మామూలు కార్మికుడు రోజూ వెళ్ళి రాగల దూరమంటే చట్టం దృష్టిలో ఎంతో చెప్పడానికి పనికొస్తుంది.

రెండవ అడుగు: రాజీనామా కాని తిరస్కారం

గడువులోగా రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఇది ఈ మొత్తం వ్యవహారానికి వెన్నెముక. అటల్ యోజన నిబంధనలు తనంతట తాను ఉద్యోగం వదిలేసినవారికి, స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నవారికి, దుష్ప్రవర్తనపై శిక్షగా తొలగించబడినవారికి, చట్టవిరుద్ధమని ప్రకటించిన సమ్మె వల్ల గానీ లాకౌట్ వల్ల గానీ ఖాళీగా ఉన్నవారికి భృతి నిరాకరిస్తాయి. బదిలీ కాగితం తీసుకుని మౌనంగా ఇంట్లో కూర్చున్న మనిషి, పది రోజులు గడిచేసరికి, కంపెనీ రికార్డులో "తనంతట తాను ఉద్యోగం వదిలేసినవాడు" అయిపోతాడు. ఆ పది రోజుల మౌనమే మీకు వ్యతిరేకంగా మొదటి సాక్ష్యం.

జవాబు పొడుగ్గా ఉండనక్కరలేదు. ఇలా ఉంటే చాలు:

"అయ్యా, తేదీ ఫలానా నాటి మీ బదిలీ ఉత్తర్వు నాకు ఫలానా తేదీన అందినది. నేను ఈ యూనిట్ గ్రేడింగ్ విభాగంలో ఆరు సంవత్సరాలుగా పనిచేస్తున్నాను. నా నియామక పత్రంలో బదిలీ షరతు ఏదీ లేదు. మా అత్తగారికి వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించాలి. మా అమ్మాయి పదవ తరగతి చదువుతోంది. ఈ కారణాల వల్ల నేను అక్కడికి వెళ్ళలేను. కావున ఉత్తర్వును రద్దు చేయవలసిందిగా, లేదా ఈ యూనిట్‌లో గానీ భీమవరం పరిసరాల్లోని మీ మరో యూనిట్‌లో గానీ నాకు చేతనైన ఏ పనైనా ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. నేను ఉద్యోగానికి రాజీనామా చేయడం లేదు. నా షిఫ్టుకు ప్రతిరోజూ హాజరవుతూనే ఉంటాను."

చివరి రెండు వాక్యాలు లేకుండా మిగతాదంతా ఎంత అందంగా రాసినా ప్రయోజనం తక్కువ. "వెళ్ళలేను" అన్న మాటకూ "పని చేయను" అన్న మాటకూ మధ్య గీత గీసేవి అవే. చెప్పే కారణాలు నిజమై ఉండాలి, వాటికి ఆసుపత్రి కార్డు, స్కూలు సర్టిఫికెట్ వంటి ఆధారాలు జతచేయాలి.

ఉత్తరాన్ని చేతికిచ్చి నకలు మీద సంతకం, తేదీ, స్టాంపు తీసుకోండి. తీసుకోవడానికి ఒప్పుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. 2025లో రిజిస్టర్డ్ పోస్టును అందులోనే కలిపేశారు కాబట్టి పోస్టాఫీసులో పాత పేరు అడిగి తికమక పడవద్దు. కంపెనీ ఈమెయిలుకు, సూపర్‌వైజరు వాట్సాప్‌కు కూడా అదే ఉత్తరం ఫోటో పంపండి.

ఆ మరునాటి నుండి మాట నిలబెట్టుకోవాలి. షిఫ్టు సమయానికి గేటు దగ్గరకు వెళ్ళండి. లోపలికి రానివ్వకపోతే గొడవ పడకండి. బయట నిలబడి తేదీ, సమయం కనిపించేలా ఫోటో తీసుకుని, "ఈరోజు ఉదయం ఆరు గంటలకు విధులకు వచ్చాను, సెక్యూరిటీ వారు లోపలికి అనుమతించలేదు" అని మేనేజరుకు ఒక సందేశం పెట్టి వెనక్కి రండి. మూడు నాలుగు రోజులు ఇలా చేస్తే, ఆ తరువాత ఎవరూ మిమ్మల్ని పారిపోయినవారని తేలిగ్గా రాయలేరు.

మూడవ అడుగు: ఉద్యోగం ఏ పేరుతో ముగిసింది?

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే చాలామంది భృతి చెడిపోయేది ఇక్కడే. ఒకే మనిషి, ఒకే బదిలీ, ఒకే తిరస్కారం. కానీ ఉద్యోగం నాలుగు పేర్లతో ముగియవచ్చు. రాజీనామా, గైర్హాజరీ వల్ల పేరు తొలగింపు, విచారణ జరిపి డిస్మిస్ చేయడం, పని లేకనో యూనిట్ మూసేయడం వల్లనో తీసేయడం. మొదటి మూడింటితో భృతికి అడ్డంకి వస్తుంది. నాలుగవది, అంటే రిట్రెంచ్‌మెంట్ లేదా మూసివేత, భృతికి దారి తీస్తుంది.

ఒక సంగతి చెబుతాను. మా దగ్గర ప్యాకింగ్‌లో పనిచేసే ఒకావిడ బదిలీకి ఒప్పుకోలేదు. ఆవిడ నిజంగానే వెళ్ళలేని పరిస్థితి, పైవాళ్ళకూ ఆ సంగతి తెలుసు. చివరి జీతం, బోనస్ బాకీ కలిపి ఒక వోచరు తయారుచేయమని నాకు చెప్పారు. వోచరు కింద ఎప్పుడూ ఉండే అచ్చు వాక్యాన్నే నేను టైపు చేశాను: "నా రాజీనామా ఆమోదించిన మీదట నాకు రావలసినదంతా పూర్తిగా, తుదిగా ముట్టినది." ఆవిడ ఏనాడూ రాజీనామా ఇవ్వలేదు. డబ్బు లెక్క చూసుకుని రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెట్టి, "వస్తానండి బాబూ" అని వెళ్ళిపోయింది. రెండు నెలల తరువాత ఆవిడ భృతి దరఖాస్తు ఆ ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయిందని విన్నాను. అది నేను టైపు చేసిన వాక్యం.

కాబట్టి వోచరు మీద సంతకం పెట్టే ముందు అంకెలకంటే అక్షరాలు చదవండి. "రాజీనామా", "స్వచ్ఛందంగా", "నా కోరిక మేరకు" అన్న మాటలు ఉంటే కొట్టేయమని అడగండి. ఒప్పుకోకపోతే సంతకం పక్కనే "నేను రాజీనామా చేయలేదు, జీతం బాకీ మాత్రమే స్వీకరిస్తున్నాను" అని మీ చేతిరాతతో రాయండి. ఖాళీ కాగితం మీద, ఇంగ్లీషులో ఉండి అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టకండి. "రాజీనామా రాసివ్వండి, మంచి ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇస్తాం" అన్న మాట మన వైపు బాగా వినిపిస్తుంది. ఆ బేరం ఎవరికి లాభమో ఆలోచించుకోవాలి.

కాగితం వెనక కనబడని మరో కాగితం కూడా ఉంటుంది. యజమాని నెలనెలా ఈఎస్ఐ పోర్టల్‌లో చందా వివరాలు ఎక్కించేటప్పుడు, పనిదినాలు సున్నా ఉన్న కార్మికుడికి ఒక కారణ సంకేతం ఎంచుకోవాలి. అందులో "లెఫ్ట్ సర్వీస్" అన్నది ఒకటి, "రిట్రెంచ్‌మెంట్" అన్నది వేరొకటి. గుమాస్తా తొందరలో, లేదా అలవాటుకొద్దీ, మొదటిదాన్నే నొక్కేస్తాడు. ఆ ఎంపిక తరువాత మీ దరఖాస్తుకు అడ్డు రావచ్చు. ఉద్యోగం ముగిసిన వెంటనే "నా నిష్క్రమణ కారణాన్ని ఈఎస్ఐ, పీఎఫ్ రికార్డుల్లో సరిగ్గా నమోదు చేయండి" అని యాజమాన్యానికి ఉత్తరం రాయడం ఉత్తమం. పీఎఫ్‌కూ ఇది పనికొస్తుంది. ఐదేళ్ళ సర్వీసు నిండకుండా పీఎఫ్ తీస్తే పన్ను పడవచ్చు గానీ, యజమాని వ్యాపారం కుంచించుకుపోవడం వల్లనో మూతపడడం వల్లనో ఉద్యోగం పోతే ఆ పన్ను ఉండదు.

పాత యూనిట్‌లో మీ పోస్టు నిజంగా రద్దయి ఉంటే రిట్రెంచ్‌మెంట్ ఉత్తర్వే ఇమ్మని అడగడంలో తప్పు లేదు. ఏడాదిలో 240 రోజులు పనిచేసిన కార్మికుడికి నెల రోజుల నోటీసు గానీ ఆ జీతం గానీ ఇచ్చి, దానితోపాటు పూర్తయిన ప్రతి సంవత్సరానికి 15 రోజుల సగటు జీతం చొప్పున పరిహారం కూడా చెల్లిస్తేనే రిట్రెంచ్ చేయాలని పాత చట్టం 25ఎఫ్ సెక్షను చెప్పింది. పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఆ లెక్కే కొనసాగుతోంది. యాజమాన్యాలు రాజీనామా వైపు నెట్టడానికి అసలు కారణం ఈ పరిహారమే.

నాలుగవ అడుగు: అర్హత లెక్క

అటల్ యోజన 2018 జూలై 1న ప్రయోగాత్మకంగా మొదలై, ఎప్పటికప్పుడు గడువు పొడిగింపుతో నడుస్తున్న పథకం. అందువల్ల మీ ఉద్యోగం పోయిన తేదీకి అది అమల్లో ఉందో లేదో ఈఎస్ఐ శాఖా కార్యాలయంలో అడగడంతోనే లెక్క మొదలవ్వాలి.

కనీసం రెండేళ్ళుగా ఈఎస్ఐ వర్తించే ఉద్యోగంలో ఉండాలి. చందా కాలాలు ఏడాదికి రెండు: ఏప్రిల్ 1 నుండి సెప్టెంబరు 30 వరకు ఒకటి, అక్టోబరు 1 నుండి మార్చి 31 వరకు మరొకటి. ఉద్యోగం పోవడానికి వెంటనే ముందున్న చందా కాలంలో కనీసం 78 రోజుల చందా ఉండాలి; దానికి ముందరి మూడు కాలాల్లో ఏదో ఒకదానిలో మరో 78 రోజులు ఉండాలి. 2025 జూన్ 12న ఉద్యోగం పోయిందనుకుంటే, 2024 అక్టోబరు నుండి 2025 మార్చి వరకు 78 రోజులు తప్పనిసరి. మిగతా 78 కోసం 2023 ఏప్రిల్ దాకా వెనక్కి వెతకవచ్చు.

ఆరు నెలల్లో 78 రోజులంటే నెలకు సగటున 13. నికరంగా పనిచేసేవారికి ఇది ఇట్టే దాటుతుంది. రొయ్యల ప్లాంట్లలో సరుకు రాని నెలల్లో వారానికి రెండు రోజులే పిలుపు వచ్చే కాంట్రాక్టు మహిళలకు మాత్రం ఇదే పెద్ద గండం. పోర్టల్‌లో చూపిన రోజులు మీరు నిజంగా పనిచేసిన రోజులకంటే తక్కువగా ఉంటే, పంచింగ్ కార్డు, హాజరు చీటీలు, బ్యాంకులో జీతం పడిన పేజీ చూపించి సరిచేయించాలి. కాంట్రాక్టరు మారినప్పుడల్లా కొత్త బీమా నంబరు తీసి ఉంటే పాతదానితో కలిపించుకోవాలి.

డబ్బు లెక్క సులువే. గడచిన నాలుగు చందా కాలాల మొత్తం జీతాన్ని 730తో భాగిస్తే సగటు రోజు ఆదాయం వస్తుంది. అందులో సగం భృతి. మొదట్లో 25 శాతంగా ఉన్నదాన్ని 2020లో 50 శాతం చేశారు. 90 రోజుల నిరీక్షణను కూడా అప్పుడే 30 రోజులకు తగ్గించారు. నెలకు 15,000 చొప్పున రెండేళ్ళకు 3,60,000. దాన్ని 730తో భాగిస్తే 493 రూపాయల 15 పైసలు. సగం 246 రూపాయల 58 పైసలు. గరిష్ఠంగా 90 రోజులకు సుమారు 22,192 రూపాయలు. ఈ 90 రోజులు జీవితకాలంలో ఒక్కసారికే. వచ్చే నెలలో వేరే ఉద్యోగం ఖాయమై ఉన్నవారు దాన్ని ఇప్పుడే వాడుకోవాలా అని ఒకసారి ఆలోచించుకోవచ్చు.

ఐదవ అడుగు: దరఖాస్తు

ఉద్యోగం పోయిన 30 రోజుల తరువాత ఈఎస్ఐసీ పోర్టల్‌లో బీమా నంబరుతో లాగిన్ అయి అటల్ యోజన క్లెయిము నింపాలి. ఫోను నంబరు, ఆధార్, బ్యాంకు ఖాతా మూడూ ఒకే పేరుతో అనుసంధానమై ఉండాలి. ఇంటిపేరు ముందు ఒకచోట, వెనక ఒకచోట ఉండడం, "సత్యవతి" అన్నది ఒక కార్డులో "సత్తెవతి" కావడం మన ప్రాంతంలో మామూలే. ఆ చిన్న తేడాకే డబ్బు ఆగుతుంది. దరఖాస్తుకు ముందే మీసేవలోనో, ఆధార్ కేంద్రంలోనో సరిచేయించుకోండి.

ఈ పథకపు ఫారాలు ఏబీ-1 మొదలుకొని ఏబీ వరుసలో ఉంటాయి. నింపిన ఫారం ప్రింటు, ఆధార్, బ్యాంకు పాసుబుక్కు నకళ్ళతో మీ శాఖా కార్యాలయానికి వెళ్ళండి. 2020 సడలింపుల తరువాత క్లెయిమును పాత యజమాని ద్వారా పంపనవసరం లేదు, నేరుగా శాఖా కార్యాలయానికి ఇవ్వవచ్చు. బదిలీ తిరస్కరించినవారికి ఇది పెద్ద ఊరట. రాబోయే రోజులకు ముందుగా క్లెయిము చేయడం కుదరదు. గడచిపోయిన నిరుద్యోగ దినాలకే చేయాలి. డబ్బు నేరుగా ఖాతాలో పడుతుంది.

వాళ్ళు అడిగినా అడగకపోయినా ఈ కాగితాలు వెంట ఉంచుకోండి: బదిలీ ఉత్తర్వు, మీ జవాబు, పోస్టు రసీదు, గేటు దగ్గరి ఫోటోల ప్రింట్లు, తొలగింపు ఉత్తరం. వీటిని తేదీలవారీగా పేర్చి, పైన ఒక పేజీలో ఏ రోజు ఏం జరిగిందో రాసి పెట్టండి. కౌంటరులో ఉన్న మనిషికి మీ కథంతా వినే తీరిక ఉండదు, కానీ ఒక పేజీ చదువుతాడు. "ఎందుకు మానేశారు?" అని అడిగితే "మానలేదండి, తీసేశారు" అనండి. మాటవరసకైనా "మానేశాను" అనకండి. అలాగని లేనిది కల్పించకండి. తప్పుడు ప్రకటనతో ప్రయోజనం పొందడం చట్టప్రకారం శిక్షార్హం, అలా శిక్ష పడినవారికి ఈ భృతి కూడా ఉండదు.

ఈ మధ్యలో పని దొరికితే చేరండి, చేరిన రోజు నుండి భృతి అడగకండి.

యూనిట్ మొత్తం మూతపడితే

బదిలీ పేరుతో వచ్చినది నిజానికి మూసివేత అయితే, అంటే యంత్రాలు లారీల్లో ఎక్కించి అందరినీ దూరపు యూనిట్‌కు రమ్మంటే, రాజీవ్ యోజన కూడా పరిశీలించాలి. 2005 ఏప్రిల్ 1 నుండి అమల్లో ఉన్న ఈ పథకం ఫ్యాక్టరీ మూసివేత, రిట్రెంచ్‌మెంట్, లేదా పనికి సంబంధం లేని కారణాల వల్ల 40 శాతానికి తగ్గని శాశ్వత వైకల్యం వల్ల ఉద్యోగం పోయినవారికి గరిష్ఠంగా 24 నెలలు భృతి ఇస్తుంది: మొదటి 12 నెలలు రోజు వేతనంలో 50 శాతం, తరువాతి 12 నెలలు 25 శాతం. ఆ కాలంలో కుటుంబానికి ఈఎస్ఐ వైద్యం కూడా ఉంటుంది. దీనికి మూసివేత జరిగిందన్న కాగితపు ఆధారం కావాలి. గేటుకు అంటించిన నోటీసు వాన తడికి ఊడిపోకముందే ఫోటో తీయండి.

దరఖాస్తు ఆగితే

తిరస్కరించారని నోటితో చెబితే ఒప్పుకోకుండా కారణాన్ని రాసివ్వమనండి. "ఉద్యోగం వదిలేశారు" అన్నదే కారణమైతే ముందు చెప్పిన కట్ట అంతా జతచేసి, ప్రాంతీయ కార్యాలయానికి రాతపూర్వకంగా పునఃపరిశీలన కోరండి. ఈఎస్ఐ కార్యాలయాల్లో నెలనెలా జరిగే సువిధా సమాగమ్‌లో అధికారి ముందు ముఖాముఖి చెప్పుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో నమోదు చేస్తే నంబరు వస్తుంది, జవాబు రాక తప్పదు.

అసలు తగాదా మాత్రం యజమానితోనే. తొలగింపును సవాలు చేస్తూ మీ ప్రాంతపు కార్మిక శాఖ అధికారికి రాజీ ప్రక్రియ కోసం అర్జీ పెట్టుకోవాలి. యూనియన్ లేకపోయినా ఒంటరి కార్మికుడు పెట్టవచ్చు. 45 రోజుల్లో రాజీ కుదరకపోతే నేరుగా న్యాయస్థానానికి వెళ్ళే వీలుంది. పాత చట్టంలో మూడేళ్ళ గడువు ఉండేది; 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ రాజీ ప్రక్రియకు రెండేళ్ళే ఇచ్చింది. నా సలహా మొదటి నెలలోనే పెట్టమని. ఆ అర్జీ నకలుకు మరో ఉపయోగం ఉంది: ఉద్యోగం వదిలేసినవాడు తిరిగి ఇమ్మని అర్జీ పెట్టడు కదా. భృతి దరఖాస్తుకు దాన్ని జతచేయండి. రాజీలో యజమాని పరిహారానికి ఒప్పుకుంటే, ఒప్పందంలో విడిపోవడానికి కారణం ఏమని రాస్తున్నారో అధికారి ముందే చదివించుకోండి.

సూపర్‌వైజరు హోదాలో 18,000 రూపాయలకు మించి జీతం తీసుకునేవారు, మేనేజర్లు కోడ్ ప్రకారం కార్మికుల కిందికి రారు, వారికి ఈ రాజీ మార్గం ఉండదు. మెడికల్ రిప్రజెంటేటివ్‌లు వస్తారు. కానీ వాళ్ళలో చాలామంది జీతం 21,000 దాటేది కాబట్టి వారికి తగాదా మార్గం ఉంటుంది గానీ భృతి ఉండదు.

భృతితో సంబంధం లేకుండా రావలసినవి

వేతనాల కోడ్ ప్రకారం తొలగించిన రెండు పనిదినాల్లోగా బాకీ జీతం చెల్లించాలి. ఐదేళ్ళ సర్వీసు నిండితే గ్రాట్యుటీ: చివరి నెల జీతాన్ని 26తో భాగించి, 15తోనూ, సర్వీసు సంవత్సరాలతోనూ హెచ్చవేస్తే వచ్చే మొత్తం. 15,000 జీతంతో ఆరేళ్ళు చేసినవారికి సుమారు 51,923 రూపాయలు. బదిలీకి వెళ్ళలేదన్న ఒక్క కారణంతో దీన్ని ఆపే హక్కు యజమానికి లేదు. రిట్రెంచ్ అయినవారి కోసం యజమాని 15 రోజుల జీతాన్ని నైపుణ్య నిధికి జమచేయాలని, 45 రోజుల్లోగా అది కార్మికుడి ఖాతాకు చేరాలని పారిశ్రామిక సంబంధాల కోడ్ చెబుతోంది. మీ ఉత్తర్వులో రిట్రెంచ్‌మెంట్ అన్న మాట ఉంటే దీన్ని కూడా పేరు పెట్టి అడగండి.

పీఎఫ్ విషయంలో, 2025 అక్టోబరులో పీఎఫ్ నడిపే సంస్థ ఈపీఎఫ్ఓ ధర్మకర్తల మండలి ఉద్యోగం పోగానే 75 శాతం తీసుకునేందుకు, మిగతాది 12 నెలల తరువాత తీసుకునేందుకు వీలు కల్పించే నిర్ణయం చేసింది. డబ్బు తీయాలంటే ఖాతాలో నిష్క్రమణ తేదీ నమోదై ఉండాలి. యజమాని పంతం కొద్దీ దాన్ని ఎక్కించకపోతే, చివరి చందా పడిన రెండు నెలల తరువాత పీఎఫ్ సభ్యుల యూఏఎన్ పోర్టల్‌లో ఆధార్ ఓటీపీతో మీరే ఎక్కించుకోవచ్చు. అక్కడ వేసే తేదీ, ఈఎస్ఐ దరఖాస్తులో రాసిన చివరి పనిదినం, కార్మిక శాఖ అర్జీలోని తొలగింపు తేదీ మూడూ ఒకటే అయ్యేలా చూసుకోండి.